ఒక రోజు అమ్మకం అరలోనే ఉండాలి: సూపర్‌మార్కెట్ సిమ్యులేటర్‌లో సరుకు నింపడానికి ఏ పద్ధతి ఎప్పుడు మేలు

ఆటలో గడియారం సాయంత్రం ఐదు దాటింది. ఒక కొనుగోలుదారు బుట్ట పట్టుకొని పాస్తా అర ముందుకు వచ్చి, ఖాళీ పలక ఎదుట ఒక క్షణం నిలబడి, కావలసింది దొరకలేదని చెప్పి వెళ్ళిపోయారు. అదే సమయంలో దుకాణం బయట కాలిబాట మీద, పొద్దున తెప్పించిన రెండు పాస్తా పెట్టెలు మూత తీయకుండా అలాగే పడి ఉన్నాయి. టర్కీకి చెందిన నోక్టా గేమ్స్ 2024 ఫిబ్రవరి 20న స్టీమ్ అనే కంప్యూటర్ ఆటల ఆన్‌లైన్ దుకాణంలో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తిగా తయారు కాకముందే ఆడనిచ్చే రూపంలో, విడుదల చేసిన సూపర్‌మార్కెట్ సిమ్యులేటర్ అనే దుకాణం నడిపే ఆట ఆడినవారందరికీ ఈ దృశ్యం పరిచయమే. సరుకు కొన్నాం, డబ్బు కట్టాం, సరుకు గుమ్మం దాకా వచ్చింది, అయినా అమ్మకం జరగలేదు. ఈ నష్టాన్ని తగ్గించడానికి ఆటగాళ్ళు అనుసరించే పద్ధతులు చాలానే ఉన్నాయి. వాటిలో ఏది ఏ దశలో పనికివస్తుందో, దేనికి ఎంత మూల్యం చెల్లించాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. కిరాణా కొట్లు చూస్తూ పెరిగిన మనకు నిల్వ అంటే కొట్టు మొత్తంలో ఉన్న సరుకు. అరకిలో కందిపప్పు అడిగితే యజమాని లోపలి గదిలోని బస్తాలోంచి తీసి, తూచి, పొట్లం కట్టి ఇస్తారు కాబట్టి, బల్లకు ఇవతల నిలబడినవారికి బస్తా ఎక్కడ ఉందన్నది అక్కర్లేని సంగతి. కొనేవారే లోపలికి నడిచి వచ్చి, అరలోంచి తమంతట తామే తీసుకొనే పద్ధతి వేరు. దానికి పేరు తెచ్చిన దుకాణం 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ తెరిచిన పిగ్లీ విగ్లీ. ఆ పద్ధతిలో గోదాములో వంద పెట్టెలున్నా, అరలో లేని సరుకు కొనేవారి దృష్టిలో లేనట్టే. ఈ ఆట పూర్తిగా ఈ రెండో పద్ధతి మీదే నడుస్తుంది. సరుకు నాలుగు చోట్ల ఉండవచ్చు: కంప్యూటర్‌లోని మార్కెట్ జాబితాలో, దుకాణం ముందు వీధిలో, గోదాము ర్యాకుల మీద, అమ్మకపు అరలో. ఈ నాలుగింటిలో డబ్బు తెచ్చిపెట్టేది చివరిది ఒక్కటే.

రెండో విషయం గడియారానికి సంబంధించినది. దుకాణం పొద్దున ఎనిమిదికి మొదలై రాత్రి తొమ్మిది వరకు నడుస్తుంది. తొమ్మిది కొట్టాక కొత్తగా ఎవరూ రారు, ఉన్నవారు బిల్లు చెల్లించి వెళ్ళిపోతారు, గడియారం అక్కడే ఆగిపోతుంది, మనం స్వయంగా రోజును ముగించేవరకు మరుసటి రోజు రాదు. అంటే రాత్రి తొమ్మిది తరవాత సరుకు తెప్పించడానికి, అరలు నింపడానికి ఎంత సమయం తీసుకున్నా ఒక్క అమ్మకం కూడా పోదు. అదే పని మధ్యాహ్నం రెండు గంటలకు చేస్తే ప్రతి నిమిషానికీ ఒక ధర ఉంటుంది, ముఖ్యంగా క్యాష్ కౌంటర్‌లో కూర్చోవలసిందీ మనమే అయినప్పుడు. నా దృష్టిలో సరుకు నిర్వహణకు సంబంధించిన నిర్ణయాలన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: రాత్రి నింపిన అర మరునాటి రాత్రి తొమ్మిది వరకు నిలుస్తుందా? నిలవకపోతే మధ్యలో దాన్ని నింపేదెవరు?

ఇక మొదటి ఎంపిక, ఎక్కువ రకాలు పెట్టడమా, తక్కువ రకాలనే ఎక్కువెక్కువగా పెట్టడమా అన్నది. ఆటలో ఒక అరలో ఒకే రకం సరుకు పెడతాం, స్థలం పరిమితం, కాబట్టి ఒక కొత్త రకం చేర్చడమంటే ఇప్పటికే బాగా అమ్ముడవుతున్న రకానికి రెండో అర ఇవ్వకపోవడమే. దీన్ని ఒక లెక్కతో చూద్దాం. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి, మీ దుకాణంలోని అంకెలు వేసి చూసుకోండి. మనకు 12 అరలున్నాయి, ప్రతి అరలో 10 వస్తువులు పడతాయి. నూనె, పాస్తా, చక్కెర, పిండి వంటి నాలుగు సరుకులు, అందుబాటులో ఉంటే, రోజుకు 20 చొప్పున అమ్ముడవుతాయి. మిగతా సరుకులు రోజుకు 6 చొప్పున పోతాయి.

మొదటి అమరికలో 12 రకాలకు తలా ఒక అర ఇచ్చాం. పగలు ఎవరూ మళ్ళీ నింపకపోతే, వేగంగా అమ్ముడయ్యే నాలుగూ పదేసి దగ్గర ఆగిపోతాయి కాబట్టి 40, మిగతా ఎనిమిదీ ఆరేసి చొప్పున 48, మొత్తం 88 వస్తువులు అమ్ముడవుతాయి. రెండో అమరికలో 8 రకాలే పెట్టి, వేగంగా పోయే నాలుగింటికి రెండేసి అరలు ఇచ్చాం. ఇప్పుడు ఆ నాలుగూ ఇరవయ్యేసి చొప్పున 80, మిగతా నాలుగూ ఆరేసి చొప్పున 24, మొత్తం 104. నాలుగు రకాలు తగ్గించినా 16 వస్తువులు ఎక్కువ అమ్మాం. అయితే మొదటి అమరికలోనే పగటిపూట ఆ నాలుగు అరలను ఒక్కొక్కసారి నింపగల మనిషి ఉంటే, అమ్మకం 80, 48 కలిసి 128కి చేరుతుంది. రెండో అమరికకు పగలు నింపే మనిషి ఉన్నా అదనంగా వచ్చేదేమీ లేదు, ఎందుకంటే అది రోజంతటికీ సరిపడా ముందే నిండి ఉంది.

ఈ లెక్క చెప్పేది ఇది: పగలు నింపడానికి చేతులు ఖాళీగా లేని దశలో తక్కువ రకాలు, ఎక్కువ అరలు మేలు, నింపేవారు దొరికాక ఎక్కువ రకాలు మేలు. చాలామంది దీనికి తలకిందులుగా నడుస్తారు. చేతిలో నాలుగు డబ్బులు కనిపించగానే కొత్త లైసెన్స్, అంటే మరికొన్ని రకాల సరుకు అమ్మడానికి అనుమతి, కొంటారు. నేను కూడా మొదటిసారి ఆడినప్పుడు ఉన్న సొమ్మంతా రెండో లైసెన్స్ మీద పెట్టి, ఆ సరుకు పెట్టెలు కొనడానికి, పెట్టడానికి కావలసిన షెల్ఫ్ (కొన్ని అరలుండే స్టాండు) కొనడానికి డబ్బు లేక రెండు రోజులు ఇబ్బంది పడ్డాను. లైసెన్స్ ధరను మాత్రమే చూడకూడదు. దానితోపాటు వచ్చే ప్రతి రకానికీ కనీసం ఒక పెట్టె సరుకు, ఒక అర స్థలం, కొన్నింటికి ఫ్రిజ్ లేదా ఫ్రీజర్, ఆ యంత్రాల వల్ల పెరిగే కరెంటు బిల్లు, ఇవన్నీ కలిపితేనే అసలు ఖర్చు తేలుతుంది. పైగా లైసెన్స్ తీసుకున్నాక ఆ సరుకును అరలో పెట్టకపోయినా కొనుగోలుదారులు దాన్ని అడగడం, దొరకలేదని చెప్పడం నా ఆటలో చాలాసార్లు విన్నాను. కాబట్టి లైసెన్స్ ధరకు రెట్టింపు సొమ్ము చేతిలో ఉన్నప్పుడే దాన్ని కొనమని నా సలహా.

రెండో ఎంపిక, ఏ రోజు సరుకు ఆ రోజు తెప్పించుకోవడమా, ధర తగ్గినప్పుడు టోకున కొని పెట్టుకోవడమా అన్నది. టొయోటా కార్ల కర్మాగారంలో టైచి ఓనో రూపొందించిన ఉత్పత్తి పద్ధతికి ఆలోచన అమెరికా సూపర్‌మార్కెట్ అరల నుంచే వచ్చింది: అరలోంచి ఎంత పోయిందో అంతే మళ్ళీ తెచ్చి పెట్టడం. ఆటలో తొలి పది పదిహేను రోజులకు ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనబడలేదు. రాత్రి దుకాణం మూశాక ప్రతి అర ముందు నిలబడి, ఎన్ని ఖాళీలున్నాయో చూసి, అన్ని పెట్టెలే తెప్పించి, అప్పుడే పేర్చేస్తే వీధిలో ఏమీ మిగలదు, డబ్బు అట్టపెట్టెల్లో ఇరుక్కుపోదు, మరుసటి రోజు అద్దెకూ బిల్లులకూ రొక్కం చేతిలో ఉంటుంది. తెప్పించిన పెట్టెలు ఎక్కువసేపు ఆలస్యం కాకుండా వచ్చేస్తాయి కాబట్టి ముందుగా కొని దాచుకోవలసిన అవసరం ఈ దశలో లేదు.

టోకు కొనుగోలుకు ఉన్న బలం ధరల హెచ్చుతగ్గులలో ఉంది. మార్కెట్ ధరలు రోజు మారేకొద్దీ కొన్ని పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. నేను ఆడినంతవరకు ఈ ఆటలో నిల్వ ఉంచిన సరుకు చెడిపోలేదు. పాలు, రొట్టె కూడా ఎన్నాళ్ళైనా అలాగే ఉంటాయి కాబట్టి నిజమైన దుకాణదారును భయపెట్టే గడువు తేదీ ఇక్కడ అడ్డురాదు. నూనె ధర తగ్గిన రోజున ఆరు పెట్టెలు కొని గోదాములో పెట్టి, పెరిగిన రోజున మార్కెట్ ధరకు దగ్గరగా అమ్మితే మిగిలే తేడా నికరమైన లాభమే. ధర చీటీ తెరిచినప్పుడు సగటు కొనుగోలు ధర, మార్కెట్ ధర రెండూ కనిపిస్తాయి కాబట్టి ఈ తేడాను ఊహించనవసరం లేదు. అయితే దీనికి రెండు షరతులు ఉన్నాయి. మొదటిది, పెట్టెలు పెట్టడానికి ర్యాకులున్న గోదాము ఉండాలి. వీధిలో గుట్టగా పడేసిన పెట్టెల్లో కావలసినది వెతుక్కోవడానికి పట్టే సమయం ఆ లాభాన్ని మింగేస్తుంది. రెండోది, ఆ సొమ్ము అప్పు తెచ్చినది కాకూడదు. బ్యాంకు అప్పు షెల్ఫ్ కొనడానికో దుకాణం విస్తరించడానికో వాడితే రోజూ తిరిగి సంపాదించి పెడుతుంది, కానీ ఆరు పెట్టెల నూనె కోసం వాడితే, అది అమ్ముడుపోయేలోగా వాయిదాలు పడుతూనే ఉంటాయి.

మూడో ఎంపిక అన్నింటికంటే కీలకమైనది, ఎందుకంటే మిగతా రెండు నిర్ణయాలూ దీన్ని బట్టే మారతాయి. పగలు అరలు నింపే పని మనమే చేయడమా, ముందుగా క్యాషియర్‌ను పెట్టుకొని మనం నింపడమా, గోదాము కట్టుకొని రీస్టాకర్‌ను, అంటే అక్కడి సరుకు తెచ్చి అరలు నింపే ఉద్యోగిని, పెట్టుకోవడమా?

ఒక్కరే అన్నీ చేసుకొనే దశలో ఒక పెట్టెకు ఎంత పని ఉందో దగ్గరగా చూడండి. కౌంటర్ వదిలి బయటికి నడవాలి, సరైన పెట్టెను గుర్తించి ఎత్తుకోవాలి, లోపలికి తెచ్చి, తెరిచి, అర ముందు నిలబడి పేర్చాలి, అరలో పట్టక మిగిలిపోతే సగం పెట్టెను ఎక్కడో దించాలి, ఖాళీ అయితే చెత్తకుండీలో పడేయాలి, మళ్ళీ కౌంటర్‌కు రావాలి. ఈలోగా అక్కడ ముగ్గురు వరుసలో నిలబడి ఉంటారు. ఈ దశలో పగలు అసలు నింపకుండా ఉండేలా ఏర్పాటు చేసుకోవడమే సరైన ఎంపిక. పైన చెప్పిన రెండో అమరిక, అంటే తక్కువ రకాలకు రెండేసి అరలు, దీనికోసమే. మరీ తప్పనిసరైతే, పగలే అయిపోయే సరుకు పెట్టెను రాత్రే తెరిచి దాని అర పక్కన నేల మీద ఉంచుకోండి. నడక సగానికి పైగా తగ్గుతుంది. దారికి మాత్రం అడ్డం పెట్టకండి.

క్యాషియర్‌ను ముందు పెట్టుకోవడం రెండో మార్గం. నా అనుభవంలో మొదటి జీతం ఇవ్వవలసింది రీస్టాకర్‌కు కాదు, క్యాషియర్‌కే. క్యాషియర్ రాగానే కౌంటర్ బంధం తెగి, మన రెండు చేతులూ అరలకు దొరుకుతాయి. పై లెక్కలో 88 నుంచి 128కి దాటించిన ఆ మనిషి మనమే అవుతాం. దీనికి గోదాము అక్కర్లేదు, ర్యాకులు అక్కర్లేదు, క్యాషియర్‌ను పెట్టుకోవడానికయ్యే ఖర్చు ఒక్కటే అదనం. పైగా అరల మధ్య తిరుగుతూ ఉంటే ఏ సరుకు ఎప్పుడు అయిపోతోందో, ఏ ధర మీద కొనేవారు ఎక్కువని గొణుగుతున్నారో స్వయంగా వింటాం. ఆ సమాచారం కౌంటర్ వెనక కూర్చున్నవారికి అందదు. కాబట్టి ఈ దశను తొందరగా దాటేయకుండా కొన్ని రోజులు ఉండమని గట్టిగా చెబుతాను. ఇక్కడ నేర్చుకున్నదే తరవాత గోదామును అమర్చుకోవడానికి పునాది అవుతుంది.

రీస్టాకర్ మార్గం పెద్ద దుకాణానికి తప్పనిసరి, కానీ దాని ఖర్చు జీతంతో అయిపోదు. గోదాము గది కొనాలి, ర్యాకులు కొనాలి, ప్రతి ర్యాకు అరకూ ఏ సరుకో నిర్ణయించాలి, అమ్మకపు అరకు కూడా ఆ సరుకు చీటీ ఉండాలి. రీస్టాకర్ ఈ రెండు చీటీల మధ్య నడిచే మనిషి. ర్యాకు మీద ఆ సరుకు లేకపోయినా, అమ్మకపు అర మీద చీటీ లేకపోయినా అక్కడ అతనికి పని ఉండదు. తొలినాళ్ళ వెర్షన్లలో రీస్టాకర్లు వీధిలో పడి ఉన్న పెట్టెలను ముట్టుకొనేవారు కాదు, వాటిని ర్యాకు మీదికి ఎక్కించే పని మనదే. అప్‌డేట్లతో వారి పనితీరు మారుతూ వచ్చింది. అందువల్ల మీ దగ్గర ఉన్న వెర్షన్‌లో వారు ఏం చేస్తారో ఒక రోజంతా వెంట నడిచి గమనించాకే రెండోవారికి జీతం మొదలుపెట్టండి.

రీస్టాకర్ ఉన్నా అరలు ఖాళీగా ఉంటున్నాయని బాధపడేవారి గోదాము చూస్తే సాధారణంగా కారణం ర్యాకుల మీదే దొరుకుతుంది. ఉన్న ర్యాకులన్నీ ధర తగ్గినప్పుడు కొన్న రెండు మూడు సరుకులతో నిండిపోయి, మిగతా పది సరుకులకు ర్యాకు చోటే ఉండదు. ప్రతి రకానికీ కనీసం ఒక ర్యాకు అర కేటాయించి, ఆ తరవాత మిగిలిన స్థలంలోనే టోకు సరుకు పెట్టడం నియమంగా పెట్టుకోవాలి. అలాగే గోదాము తలుపుకు దగ్గరి ర్యాకుల మీద వేగంగా పోయే సరుకు, దూరపు ర్యాకుల మీద నిదానంగా పోయే సరుకు ఉండాలి. ఒక రోజులో రీస్టాకర్ ఎన్నిసార్లు తిరగగలడన్నది ఆ నడక దూరం మీద ఆధారపడి ఉంటుంది.

షెల్ఫుల అమరిక గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఇద్దరు ఎదురుపడినా తప్పుకొనేంత దారి వదలండి, ఒకే సరుకుకు ఇచ్చిన రెండు అరలను పక్కపక్కనే పెట్టండి, పెట్టె తెరిచినప్పుడు రెండూ ఒకేచోట నిండుతాయి. టాయిలెట్ పేపర్ వంటి పెద్ద పరిమాణపు సరుకు ఒక అరలో కొన్నే పడుతుంది కాబట్టి అది బాగా అమ్ముడవుతున్నట్టయితే రెండో అర మొదట దానికే అవసరమవుతుంది. ఫ్రిజ్, ఫ్రీజర్ సరుకులో మాత్రం కొంత పిసినారిగా ఉండండి. మామూలు షెల్ఫ్ కంటే వాటి ధర ఎక్కువ, అందులో సగం ఖాళీగా ఉంచినా కరెంటు ఖర్చు అవుతూనే ఉంటుంది. ఒక ఫ్రిజ్ పూర్తిగా నిండి, పాలూ గుడ్లూ రోజూ రాత్రికి ఖాళీ అవుతుంటేనే రెండోది కొనండి.

అరను నిలబెట్టడానికి ధర కూడా ఒక సాధనమని చాలామంది గుర్తించరు. సాయంత్రం నాలుగుకే అయిపోతున్న సరుకుకు రెండో అర ఇచ్చే స్థలం లేకపోతే, దాని ధరను మార్కెట్ ధర మీద కొంచెం పెంచి చూడండి. కొందరు కొనకుండా వెళ్ళవచ్చు, కానీ ఉన్న పది వస్తువులూ ఎక్కువ లాభానికి, రోజంతా నిదానంగా పోతాయి. ఖరీదెక్కువని వరుసగా వినబడితే వెనక్కి తగ్గించండి. దీనికి ఎదురుగా, రాత్రికి సగం మిగిలిపోయే సరుకు ధరను మార్కెట్ ధరకో, ఒక మెట్టు కిందికో దించితే అర ఖాళీ అయి ఆ స్థలం వేరేదానికి వాడుకోవచ్చు. పొద్దున తలుపు తెరిచే ముందు మారిన ధరలను ఒకసారి చూసి చీటీలు సరిచేయడం మానకూడదు. కొన్న ధర పెరిగినా చీటీ మీద పాత ధర ఉండిపోతే, అర ఎంత వేగంగా ఖాళీ అయినా మిగిలేది తక్కువ.

ఇవన్నీ మీ దుకాణానికి ఎలా అన్వయించుకోవాలంటే, మొదట మీరు ఏ దశలో ఉన్నారో చూసుకోండి. కౌంటర్‌లో మీరే ఉంటే కొత్త లైసెన్స్ ఆపి, వేగంగా పోయే వాటికి రెండేసి అరలు ఇచ్చి, రాత్రి ఖాళీలకు సరిపడా మాత్రమే తెప్పించండి. క్యాషియర్ వచ్చాక ఒక్కొక్క రకం పెంచుతూ పగలు మీరే నింపండి. రోజుకు మీరు నింపవలసిన అరలు మీ చేతికి మించిపోయి, మధ్యాహ్నం నుంచే రెండు మూడు ఖాళీలు వరుసగా కనిపిస్తే అప్పుడు గోదాము, ర్యాకులు, రీస్టాకర్, ఆ తరవాతే టోకు కొనుగోలు.

దశ మారిందా లేదా అని తేల్చుకోవడానికి ఒక కాగితం చాలు. రాత్రి తొమ్మిదికి చివరి కొనుగోలుదారు వెళ్ళాక, కొత్త సరుకు తెప్పించక ముందే అరల మధ్య ఒకసారి నడిచి, పూర్తిగా ఖాళీ అయిన సరుకుల పేర్లు ఎడమ పక్క, సగానికి పైగా మిగిలిన సరుకుల పేర్లు కుడి పక్క రాయండి. ఎడమ పక్క ఒకే పేరు మూడు రాత్రులు వరుసగా వస్తే దానికి రెండో అర కావాలి. ఆ అర కోసం కొత్త షెల్ఫ్ కొనే ముందు, కుడి పక్క మూడు రాత్రులూ వచ్చిన పేరేమిటో చూడండి. దాని సరుకును తిరిగి పెట్టెలోకి తీసి, చీటీ మార్చి, ఆ అరను ఇటు ఇవ్వండి.